మగ్గం అర్రల రెండు డబ్బాలు

గద్వాలల మా ఇల్లు మూడర్రల ఇల్లు. ముందల వసార, ఎనక వంటిల్లు, నడుమ మగ్గం అర్ర. నేను పెండ్లయి ఆ ఇంట్ల కాలు పెట్టిన కాన్నుంచి నడిమి అర్ర ఖాళీగ ఉండుడు చూడలె. పొద్దున లేస్తె మగ్గం చప్పుడు, మాపటికి దీపం పెట్టేదాక మగ్గం చప్పుడు. అమాస నాడొక్కటే ఇల్లు నిమ్మలంగ ఉంటుండె. అట్లాంటి అర్రల నుంచి ఒక దినం మగ్గం ఇప్పి, కట్టెలన్ని మోపు కట్టి, మా మరిది ఇంట్ల పెట్టొచ్చినం. పానం బాగయ్యేదాక మా ఆయనను నెయ్యొద్దన్నరు. ఎన్నడు బాగయితదో ఎవ్వరు చెప్పలె.

మాయి గుంత మగ్గాలు. నేల మీద కూసోని, కాళ్ళు కింద గుంతల పెట్టి, చెక్కలు తొక్కుకుంట నేస్తరు. మగ్గం ఇప్పినంక ఆ గుంత నోరు తెరుచుకున్నట్టు కనపడె. మా ఇండ్లల్ల మగ్గం ఇప్పినా గుంత పూడ్చరు. పూడ్చినరంటె ఆ ఇంట్ల ఇంక నేసే మనిషి లేడన్నట్టు. మా బావగారు, అంటె మా ఆయన సొంత అన్న, పోయినంకనే వాళ్ళింట్ల గుంత పూడ్చిన్రు. ఆయనకు గూడ ఇదే దగ్గు. దాని పేరు మా ఇండ్లల్ల నోటితోని అనరు, దగ్గు అనే అంటరు. గోలీలు సగంల మానేసి, దవాఖానకు పోను పోను అని మొండికేసి, మా కండ్ల ముందలనే ఎండిన కట్టె లెక్క అయిపోయిండు. కడపటి దినాలల్ల ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు వసారల ఉన్నోళ్ళకు గూడ ఇనపడుతుండె.

అది చూసి గూడ మా ఆయన అదే తప్పు చేసిండు. మొదటిసారి దగ్గు వచ్చినప్పుడు ఆర్నెల్లు గోలీలు మింగాలె అన్నరు. మూడు నెలలకు దగ్గు తగ్గె, మొకంల కళ వచ్చె. పెండ్లిండ్ల కాలం ముందలికి వచ్చె, చీరెలకు గిరాకి తగిలె. గోలీలు మింగితె కడుపుల తిప్పుతుంది, మగ్గం మీద కూసోనీకె అయితలేదు అని మానేసిండు. నేను ఒకటికి రెండుసార్లు అడిగిన, తర్వాత ఊకున్న. మనిషి నేస్తుండు, తింటుండు, ఇంకేం కావాలె అనుకున్న. రెండేండ్లు తిరగకముందే దగ్గుల నెత్తురు పడ్డది.

ఈసారి డాక్టరు సారు కోపం చెయ్యలె. కోపం చెయ్యకపోయేసరికి నాకు ఇంక భయమాయె. గోలీలతోని పాటు సూదులు ఇయ్యాలె, వారానికి మూడు, రెండు నెలలు, మొత్తం ఇరవై నాలుగు అని చెప్పిండు. తర్వాత మా ఇద్దర్ని ఎదురుగ కూసోవెట్టి, ఒక్కొక్క మాట నిలబెట్టి చెప్పిండు.

"ఈ సూదితోని కొందరికి చెవులు దెబ్బతింటయి. చెవుల గుయ్యిమన్నా, నడుస్తుంటె తూలినట్టయినా, మాట సరిగ ఇనపడకున్నా, ఆ దినమే వచ్చి నాకు చెప్పాలె. దాచిపెట్టొద్దు."

"చెప్తె ఏం చేస్తరు సారు?" అని నేను అడిగిన.

"సూది బంద్ చేస్తం" అన్నడు.

ఆ ఒక్క మాట నా గుండెల పడ్డది. దాని తర్వాత సారు ఇంకేమన్న చెప్పిండో లేదో. చెప్పినా నాకు ఎక్కలె. నా కండ్లల్ల మా బావగారి మంచమే ఉండె.

బిడ్డ ఒక్కతె మాకు. అప్పుడు మూడో తరగతి. దగ్గున్న ఇంట్ల పిల్లను ఉంచొద్దని అయిజల మా అమ్మ కాడ వదిలిపెట్టొచ్చినం. ఇల్లు ఇంక ఖాళీ అయిపోయె. మా ఆయన వసారల మంచం మీద కూసోని, ఖాళీ చేతులు ఒళ్ళె పెట్టుకోని వాటినే చూసుకునేటోడు. మాట్లాడకపోతుండె. నేను ఏదన్న అడిగితె ఊ అనేటోడు.

ఆ సంగతి తెలిసి మా తమ్ముడు వచ్చిండు. వాడు రాయచూర్ల రేడియోలు, టేపులు బాగుచేసే పని నేర్చుకోని, వనపర్తిల చిన్న దుకాణం పెట్టుకున్నడు. రాయచూర్ల ఉన్న నాలుగేండ్లకే వాని నోట్లె కన్నడం మాటలు పడ్డయి. ప్రతిదానికి స్వల్ప, స్వల్ప అంటడు. ఎర్రవల్లి చౌరస్త కాడ బస్సు మారి, బస్సు మీద గోనెపట్టలు చుట్టిన రెండు పెద్ద డబ్బాలు ఏసుకోని దిగిండు. వాడు సొంతంగ చెక్క కోసి చేసిన స్పీకర్లు. ఒక్కొక్కటి నా నడుం దాక ఉన్నయి. ఒక్కోదాంట్ల కింద పళ్ళెమంత పెద్దది, పైన గవ్వంత చిన్నది. పెద్దది లావు మోతకు, చిన్నది సన్న మోతకు అని చెప్పిండు. చిన్నదాన్ని ట్వీటర్ అంటరంట. నడుమ మోత పెంచే ఆంప్లి ఒకటి, ఒక టేపు.

మా ఆయన మంచం మీద నుంచి లేవకుంటనే, "బామ్మర్దీ, ఇయి పాటలకా, వడ్లు పోసుకునేటందుకా" అన్నడు.

"రెండిటికి పనికొస్తయి బావ. పాట బాగలేకుంటె వడ్లు పోద్దువు" అన్నడు మా తమ్ముడు.

ఎన్నో దినాలకు ఆ మనిషి నవ్విండు. దానికే నేను ఆ డబ్బాలకు దండం పెట్టిన.

మా ఆయనకు పాట మీద పానం ఎందుకంటె, మా గల్లీల భజన మండలిల ఆయన తాళాలు కొట్టేటోడు. మా బావగారు పాడుతుండె, ఈయన పక్కకు కూసోని తాళాలు వాయిస్తుండె. ఒకసారి వాళ్ళ భజనను ఎవరో టేపుల పట్టిన్రు. ఆ క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. ఇంట్ల పాత టేపుల ఏస్తె అన్న గొంతు పీపాల నుంచి వచ్చినట్టు వస్తుండె, తాళాలు గులకరాళ్ళు కొట్టినట్టుండె. ఊపిరి ఆడక ఈయన భజనకు పోవుడు బంద్ అయినంక, ఆ క్యాసెట్టే ఆయనకు భజన.

మా తమ్ముడు ఖాళీ మగ్గం అర్ర చూసి, ఇదే మంచి జాగ అన్నడు. నేనేమో డబ్బాలు తీసి గోడకు ఆనించి పెడదామనుకుంటి, అట్లయితె అర్రల జాగ మిగులుతది కదా. వాడు వద్దన్నడు. గోడకు, మూలకు ఆనిస్తె లావు మోత ఉబ్బుతదంట, మాటను మింగుతదంట. గోడకు మూరెడు ఎడం పెట్టిచ్చిండు. రెండు డబ్బాల నడుమ ఎంత దూరముంటదో, ఇనే మనిషికి ఒక్కొక్క డబ్బా అంతే దూరముండాలె అన్నడు. కొలిచేటందుకు టేపు తెచ్చుకోలె. మా ఆయన లేసి, మూలకున్న నూలు ఉండ తీసిండు. పోగు పట్టుకోని మూరలేసుడు ఆయనకు చిన్నప్పటి పని. నాలుగు మూరల పోగులు మూడు తెంపిండు. రెండు డబ్బాలకు రెండు మేకులు, కూసునే కాడ ఒక మేకు, మూడింటికి పోగులు గుంజి కట్టిండు. నేల మీద తెల్ల పోగులు మూడు దిక్కుల మెరుస్తుండె.

కూసునే జాగ ఎక్కడంటె, గుంత అంచు మీద. వేరే ఎక్కడ కూసోను అన్నడు. కుర్చీల కూసుంటె నడుం నిలవదంట. మా తమ్ముడు కుర్చీ ఎత్తుకు చేసిన డబ్బాలు, నేల మీద కూసున్న మనిషి చెవికి ఎత్తయినయి. దాంతోని డబ్బాలను చిన్న పీటల మీద తలకిందులుగ పెట్టిండు. గవ్వలు కిందికొచ్చె, సరిగ మా ఆయన చెవుల కాడికి.

పాట పెడ్తె అర్రంత గుమ్మని మోగింది. మా తమ్ముడు చప్పట్లు కొట్టి చూసిండు. ఒక చప్పట్ల మోత నాలుగై తిరిగొచ్చె. కింద బండలు, నాలుగు దిక్కుల ఒట్టి గోడలు, నడుమ గుంత. గుంత పూడ్చాలె బావ, మోతను అదే పెంచుతుంది అన్నడు. మా ఆయన మొకం మాడింది. వానికి మా ఇండ్ల పద్ధతి తెల్వదు, మావాళ్ళు నేతోళ్ళే గని వాడు చిన్నప్పుడే ఊరిడిచిండు. నేను వాన్ని కండ్లతోనే ఆపిన. పూడ్చకుంట, పాత నూలు, పింజెలు గోనెసంచులల్ల కుక్కి గుంతల దింపినం. గోడలకు నా బొంతలు కట్టిన. పాత చీరెలు కుట్టిన బొంతలు, ఒకటి రెండు అనుకుంట ఆరు పడ్డయి. ఒక్కో బొంత కట్టినప్పుడల్ల మోత కొంచెం కొంచెం తగ్గుతుండె. అప్పుడు తెలిసింది నాకు, పాటకు గూడ మెత్తగ పక్క పరవాలె అని.

"పాట డబ్బాల నుంచి రావొద్దక్క. నడుమ ఖాళీ జాగ నుంచి రావాలె. అట్లొస్తెనే కుదిరినట్టు" అన్నడు తమ్ముడు.

వచ్చింది. కరెంటు మంచిగున్న ఒక పగటి పూట, మా బావగారి గొంతు రెండు డబ్బాల నడుమ, బొంత కట్టిన గోడ ముందల, మనిషి కూసున్నంత ఎత్తుల నిలబడ్డది. ఆ పక్కకు తాళాలు ఝల్లుమన్నయి. మా ఆయన కండ్లు మూసుకోని, "అన్న వచ్చి కూసున్నడే" అన్నడు. ఆయన కుడి చెయ్యి తొడ మీద తాళం వేస్తుంది. టేపుల కొట్టింది గూడ ఆ చెయ్యే. నేను వాకిట్లెకు పోయి ఏడ్చిన.

అవి మొదటి రెండు వారాలు. దినం ఇడిచి దినం సూది. సిస్టరమ్మ నడుం కింద సూది ఇస్తుండె. ఈయన ఇంటికొచ్చి ఒక్క పూట పండుకోని, లేసి గుంత అంచుకు కూసుంటుండె. మనిషి మాట్లాడవట్టిండు. దగ్గు గూడ తగ్గవట్టింది. సూదులు పనిచేస్తున్నయి అని నేను కోటి దేవుళ్ళకు మొక్కుకున్న.

మూడో వారంల ఆయన డబ్బాలు గుయ్యిమంటున్నయి అన్నడు. తమ్ముడు ముందే చెప్పి పోయిండు, తీగలు ఒకదాని మీద ఒకటి పడ్తె అట్లంటది అని. తీగలు వేరు చేసిన. అంటనే ఉంది అన్నడు. టేపు బంద్ చేసిన. అంటనే ఉంది అన్నడు. ప్లగ్గు పీకి చేతుల పట్టుకోని నిలబడ్డ. ఆయన గోడ దిక్కు చెవి పెట్టి, గోడలల్ల దిగింది మోత అన్నడు. నాకు అర్రల ఏ మోత లేదు. చీమ చిటుక్కుమంటె ఇనపడేటట్టుంది.

నాకు అప్పుడే తెలిసింది. ఈ మాట ఎవరికి చెప్పలె గని, ఆ నిమిషమే తెలిసింది. ప్లగ్గు నా చేతులనే ఉంది.

తర్వాత తాళాలు పోయినయి. అన్న పాడుతుండు గని తాళాలు ఇనపడుతలేవు, బొంతలు ఎక్కువైనయి, సన్న మోతను అవే మింగుతున్నయి అన్నడు. ఒక బొంత తీసిన. ఇంకొకటి తీయమన్నడు. వారం తిరిగేసరికి ఆరు బొంతలు గంపలకెక్కినయి. ఒట్టి గోడలకు మోత పగులుతుంది. నాకు చెవులల్ల పుల్లలు పెట్టి తిప్పినట్టయితుంది. ఆయనకేమో ఇప్పుడు జర నయం అంటడు. గుంతల నుంచి సంచులు తీయించిండు. తర్వాత పోగులు కురచ చేసిండు. నాలుగు మూరలు మూడయె. మూడు రెండున్నరాయె. ప్రతిసారి మూడు పోగులు సమానంగ కొలిచి కట్టేటోడు, ఒక్క ఏలెడు తేడ పోకుంట. ఆ పనిల మాత్రం ఎప్పుడు తప్పు చెయ్యలె.

ఒక దినం, అన్న కుడి దిక్కు జరిగిండు అన్నడు. నడుమ నుంచి రావాల్సిన గొంతు కుడి డబ్బాల నుంచి వస్తుందంట. ఎడమ డబ్బాను ముందలికి జరిపిండు. జానెడు, తర్వాత మూరెడు. మూడు దిక్కుల సమానం పోయింది. అన్న నడుమకొచ్చిండు అన్నడు. రెండు దినాలకు మళ్ళ జరిగిండు అన్నడు.

నాలుగో వారం కడపట, ఇంక తెల్లారితె సూదికి పోవాలె. అన్నం తిని, చెయ్యి కడుక్కోకుంటనే నా మొకం దిక్కు చూసి అడిగిండు.

"నిజం చెప్పు. నీకు తాళాలు ఇనపడుతున్నయా?"

పక్కర్రల క్యాసెట్టు తిరుగుతుంది. తాళాలు నా నెత్తి మీద కొట్టినట్టు ఇనపడుతున్నయి.

"ఏడ ఇనపడుతున్నయి. నాకు గూడ అదే అనుమానం. డబ్బాలల్లనే ఏమో అయింది" అన్న.

ఆయన అట్లనే చూసిండు. తర్వాత మొకం ఇప్పారింది.

"అట్లనా. రేపు సారుకు చెప్దామనుకుంటి, నా చెవులేమో అని."

"నీ చెవులకేమయింది. నేను పిలిస్తె పలుకుతలేవా" అన్న.

నేను ఎదురుంగ కూసోని, మొకం మీద మొకం పెట్టి మాట్లాడుతున్న. పలకకేం చేస్తడు.

ఎందుకట్లన్న అంటె ఏం చెప్పాలె. పన్నెండు సూదులు అయినయి, పన్నెండు మిగిలినయి. చెప్తె సూది బంద్ చేస్తరు. బంద్ చేస్తె దగ్గు తిరిగొస్తది. మా బావగారికి సగంల ఆగింది, పోయిండు. ఈయనకు ఒకసారి సగంల ఆగింది, నెత్తురు పడ్డది. చెవులు పోతె పోనీ, ఊపిరుంటె చాలు అనుకున్న. నేను ఐదో తరగతి దాక చదివిన మనిషిని. నాకు తెలిసిన లెక్క అంతే. అడగాల్సిన మనిషిని అడగకుంట, నా అంతట నేనే లెక్క చేసి, దాని మీద ఆయనను కూసోవెట్టిన.

ఆ మర్నాడు సారు ఎట్లుంది అని అడిగితె, మంచిగుంది సారు అన్నడు. నేను పక్కకే ఉన్న.

ఐదో వారంల ఒక ఆదివారం మా అమ్మ బిడ్డను తీసుకోని వచ్చింది. పిల్ల వాకిట్ల నుంచి ఉరికొచ్చి, అర్ర గడప కాడ ఆగి, నాయినా అని పిలిచింది. దూరం నుంచే చూడాలె అని మా అమ్మ చెప్పి తోలుకొచ్చింది పాపం. ఆయన అటు తిరిగి పోగు కొలుస్తుండు. పిల్ల మళ్ళ పిలిచింది. మూడోసారి గొంతు తగ్గించి పిలిచింది. ఆయన తిరగలె. పిల్ల నా దిక్కు చూసి, నాయినకు నా మీద కోపమొచ్చిందా, నేను అయిజల ఉండనని అన్నందుకా అని అడిగింది. నేను పోయి ఆయన బుజం తట్టిన. తిరిగి పిల్లను చూసి ఎంత సంబరపడ్డడో. ఎప్పుడొచ్చినవ్ బిడ్డ, పిలువొచ్చు కద అన్నడు. ఆ పిల్ల మొకం నాకు ఈ దినానికి మర్పుకొస్తలేదు. మా అమ్మ నా దిక్కు చూసింది. ఆమెకు గూడ, డబ్బాల మోత మీద పడి ఇనపడలే అని చెప్పిన. డబ్బాలు అప్పుడు బంద్ ఉన్నయి.

ఆరో వారంల తమ్ముడు మళ్ళ వచ్చిండు. బావ ఫోన్ చేయించిండంట, డబ్బాలు ఖరాబైనయి, వచ్చి చూడు అని. అర్రల అడుగు పెట్టి వాడు నిలబడిపోయిండు. బొంతలు లేవు. గుంత మళ్ళ నోరు తెరిచింది. ఎడమ డబ్బా ముందలికొచ్చి మా ఆయన మోకాలికి తగులుతుంది. ఆంప్లి మీద సన్న మోత గుండీ ఇంక తిరగనంత తిప్పి ఉంది. ఇది ఎవరు తిప్పిన్రు, చెవులు కోసుకపోతయి కద అన్నడు. మా ఆయన నవ్వి, నువ్వు చేసిన డబ్బాలు అట్లున్నయి బామ్మర్దీ, ఇంక వడ్లు పోసుకుంట అన్నడు.

వాడు డబ్బాలు ఇప్పిండు, చూసిండు, మళ్ళ బిగిచ్చిండు. క్యాసెట్టు పెట్టి, అర్ర నడుమ నిలబడి, ఒక చెవి మూసి, ఇంకో చెవి మూసి ఇన్నడు. తర్వాత నన్ను వంటింట్లెకు రమ్మన్నడు.

"అక్క, డబ్బాలు మంచిగున్నయి."

"ఊకో."

"బావకు చెవులు..."

"ఊకో అన్న కదరా. ఇంక ఏడు సూదులే ఉన్నయి. నీకు దండం పెడ్త."

"స్వల్ప ఆలోచించక్క. ఒక్కసారి డాక్టర్ను అడుగు. అడిగితె పోయేదేముంది?"

నేను వాని చేతులు పట్టుకోని ఏడ్చిన. బావగారి మంచం యాద్ చేసిన. మన బిడ్డకు నాయిన ఉండాలె కదరా అన్న. వాడు చిన్నోడు, పెండ్లి గూడ కాలె. అక్క ఏడుస్తుంటె ఏం చేస్తడు. మొకం తుడుచుకోని అర్రలకు పోయిండు. బావా, ట్వీటర్లు రెండు కాలిపోయినయి, కొత్తయి ఏసిన అని చెప్పిండు. ఏమి ఏయలె. పాతయే ఇప్పి పాతయే బిగిచ్చిండు.

మా ఆయన చెవి డబ్బాకు ఆనించి ఇన్నడు. తాళాలు వస్తున్నయా బావ అని తమ్ముడు అడిగితె, ఆ, వస్తున్నయి, ఇప్పుడు మంచిగుంది అన్నడు. ఆ మాట ఆయన మా తమ్ముని మనసు కోసం అన్నడో, నిజంగ ఏమన్న వచ్చిందో నాకు తెల్వదు. ఒకరి కోసం ఒకరం ముగ్గురం అబద్ధమాడుకుంట ఆ అర్రల కూసున్నం. తమ్ముడు చాయ్ గూడ తాగకుంట బస్సుకు పోయిండు.

ఎనిమిదో వారం అయిపోయేసరికి ఆయన నడిస్తె గోడ పట్టుకోవాలె. నేను ఎదురుంగ నిలబడి మాట్లాడినా, నా పెదవులు చూసి అందాజగ జవాబు చెప్పేటోడు. అన్నం పెట్టనా అంటె కరెంటుంది అనేటోడు. ఇరవై నాలుగో సూది అయిన దినం సారు లోపలికి పిలిచిండు. తెమడ పరీక్ష మంచిగొచ్చింది, క్రిములు లేవు, ఇంక గోలీలే అన్నడు. నా పానం లేసొచ్చింది. మా ఆయన దిక్కు తిరిగి, సంతోషమేనా అని అడిగిండు సారు. మా ఆయన చేతులు జోడించి, ముప్పై తొమ్మిది సారు అన్నడు. వయసు అడిగిండనుకున్నడు.

సారు కుర్చీ నుంచి లేసిండు. మా ఆయన ఎనకకు పోయి చేతి గడియారం తీసి ఒక చెవి కాడ పెట్టిండు, ఇంకో చెవి కాడ పెట్టిండు. చప్పట్లు కొట్టిండు. పెద్దగ పేరు పెట్టి పిలిచిండు. మా ఆయన ముందలి గోడకున్న క్యాలెండరు చూస్తుండు.

సారు వచ్చి నా ముందల నిలబడ్డడు. "ఎన్ని దినాల నుంచమ్మ?"

మా ఆయన పక్కకే ఉన్నడు. ఆయనకు ఇనపడదు. దాంతోనే నా నోరు లేసింది. మూడో వారం నుంచి సారు అన్న.

"తెలిసి చెప్పలేదా?"

"సూది బంద్ చేస్తరని సారు."

సారు గడియారం మళ్ళ చేతికి కట్టుకున్నడు. కోపం చేస్తె బాగుండు అనుకున్న. చెయ్యలె.

"సూది ఒక్కటే బంద్ చేస్తుంటి తల్లీ. గోలీలు ఉండె కద. గోలీలతోనే నడిపిస్తుంటి. మనిషి బతుకుతుండె, చెవులు దక్కుతుండె" అన్నడు.

ఇప్పుడేమన్న చేయొచ్చా అని అడిగిన. పోయినయి తిరిగి రావు అన్నడు. మా ఆయన నా చెయ్యి గుంజి, సారు ఏమంటుండు, ఏమంటుండు అని అడుగుతుండు. నేను చేతితోని దగ్గు తగ్గింది అని చూపిచ్చి నవ్విన. ఆయన సారుకు మళ్ళ దండం పెట్టిండు.

ఇది జరిగి చాన ఏండ్లయింది. దగ్గు మళ్ళ రాలె. మరిది ఇంట్ల నుంచి మగ్గం తెచ్చి అదే గుంత మీద బిగిచ్చినం. పోగుల నడుమ అటిటు ఉరికే నాడె చప్పుడు ఇనపడకున్నా చెయ్యికి తెలుస్తదంట, నేస్తుండు. డబ్బాలు తమ్ముడు తీసుకపోయిండు. క్యాసెట్టు ఇంట్లనే ఉంది, పెట్టెటోళ్ళు లేరు. ఆ సారు బదిలీ అయి పోయిండు.

ఆ దినం సారు అన్న మాట మా ఆయనకు నేను చెప్పలె. ఎన్నోసార్లు చెప్దామని కూసున్న. ఆయనకు అక్షరాలు రావు, రాసి చూపిద్దమంటె. సైగలతోని చెప్పే మాట కాదది. చెవి కాడ నోరు పెట్టి అరిస్తె ఏదో కొంచెం పోతదేమో గని, అరిస్తె గల్లీ అంత ఇంటది. నా బిడ్డకు గూడ తెల్వదు. దానికి ఇప్పుడు పెండ్లయి పిల్లలు. నాయినా అని పిలవకుంట వచ్చి బుజం తడ్తది, చిన్నప్పుడే అలవాటు చేసుకున్నది.

కొత్తగ ఎవరన్న చీరెలు చూడనీకె వచ్చి, మీకు చెవులెట్ల పోయినయి అని సైగ చేస్తె, ఆయన మగ్గం ఆపి చెప్పవడతడు. ఇనపడనోళ్ళ గొంతు పెద్దగ ఉంటది కద, వసార దాక వస్తది. కడపటి రెండు సూదులల్ల పోయినయి, సిస్టరమ్మ ఎక్కువ మందు ఎక్కిచ్చింది అంటడు. ఆమె పాపం తెల్వని మనిషి, ఇన్నేండ్ల నుంచి ఈ ఇంట్ల తిట్లు తింటుంది. అంతకు ముందు నా చెవులు మంచిగుండె, అర్రనే పాటకు కుదరకపోతుండె, ఎన్ని తీర్ల జరిపినా కుదరలె అంటడు. వాళ్ళు నమ్మనట్టు చూస్తె, నా దిక్కు చెయ్యి చూపిస్తడు.

"కావాలంటె మా ఆమెను అడుగున్రి. ఆమెకు గూడ ఇనపడకపోతుండె."

వచ్చినోళ్ళు నా మొకం చూస్తరు. ఆయన గూడ చూస్తడు, నేను తల ఊపేదాక. ఊపుత.